బాగున్న ఫోటోలు

జూలై 3, కుప్పం
ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మను కలిశాను. మెల్లకన్ను పరీక్షకు పిల్లల్ని ముందే ఇంత దూరం తేనక్కరలేదు. తల్లి ఫ్లాష్ వేసి, ఎదురుగా ఫోటో తీసి పంపితే చాలు. రెండు నల్లగుడ్లలో వెలుగు చుక్క ఒకే చోట ఉంటే సరే. ఒకదాంట్లో పక్కకు జరిగితే పిలిపిస్తారు. "ఆలస్యమైతే మెదడు ఆ కన్నును పక్కన పెట్టేస్తుంది. తర్వాత అద్దాలిచ్చినా లాభం తక్కువ."
పుంగనూరులో ఒక తల్లితో ఫోన్లో మాట్లాడించింది. రేణుక. కూతురు హాసినికి నాలుగేళ్లు. ఫోటో పంపితే కళ్లు బాగున్నాయని తేలిందట. వార్తకు సరిపోతుంది.

జూలై 4, మదనపల్లె
మార్కెట్ యార్డు. టమోటా ధరలు రాసి పంపాను. నా భార్య గీత పోయాక వంటింటి కిటికీ తెరవనే లేదు — ఇవాళ గమనించాను.

జూలై 6, పుంగనూరు
రేణుక ఇల్లు. పాప నా మెడలో కార్డుతో ఆడుకుంది. కాసేపటికి ఆవలించింది. ఎడమ కన్ను మెల్లగా బయటికి జరిగిపోయింది. రెప్ప కొట్టింది, తిరిగొచ్చింది.
"అలిసిపోతే అట్ల పోతాదిన్నా. మళ్లా వస్తాది."
డాక్టరుకు పంపిన ఫోటో చూపించమన్నాను. తలకు నూనె, పూలు, కొత్త గౌను. కళ్లు తిన్నగా.
"శానా తీసినా. కన్ను పక్కకు పోయినవన్నీ చెరిపేసినా. డాక్టరమ్మ సూసేది గదా, బాగుండేదే పంపల్ల."
వాకిట్లోంచి అత్త — "అది అదృష్టం కన్ను. దాన్ని యాల కెలికేది? ఈ రిపోర్టరప్పకు యాడా పని లేనట్టుండాది."
కన్ను పక్కకు పోయినప్పుడు తీసి పంపమ్మా, అన్నాను.
"బాగుండాదని ఇంట్లో అందరికీ చెప్పేసినాన్నా. మళ్లా లేదని యాడ చెప్పేది?"
బస్సులో కిటికీ పక్క సీటు. పక్కన ఎవరూ లేరు.

జూలై 7
వార్త ఆపాను. డెస్కుకు కారణం చెప్పలేదు.
పేరు చెప్పకుండా డాక్టరమ్మను అడిగాను — అలసినప్పుడు మాత్రమే పక్కకు పోయే కన్నయితే?
"మంచి ఫోటోలో దొరకదు. సాయంత్రం, నిద్రకు ముందు తీసి పంపమనండి."
అదే మాట రేణుకకు చెప్పాను. నేను చెప్పనా డాక్టరుకు, అని కూడా అడిగాను.
"వద్దన్నా. మా అత్తకు తెలిస్తే…" ఫోన్ పెట్టేసింది.

జూలై 8
ఫోన్లో గీత చివరి ఏడాది ఫోటోలు చూశాను. అన్నింట్లోనూ నవ్వుతోంది. మంచం మీద, జుట్టు ఊడి, నీరసంగా ఉన్నది ఒక్కటీ లేదు. "అది తీసెయ్" అనేది. తీసేసేవాణ్ని.
ఆ ముఖం ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు.

జూలై 9
ఎవరితోనూ మాట్లాడలేదు. వాన లేదు.

జూలై 10
సాయంత్రం రేణుక నుంచి ఫోటో. పూలు లేవు. పాత గౌను, ముక్కు కారుతోంది. కుడి కంట్లో వెలుగు చుక్క నడిమధ్యన. ఎడమ కన్ను బయటికి పోయి, చుక్క ముక్కు వైపుకు.
కింద — "నీకే పంపినాన్నా. డాక్టరమ్మకు కాదు. మా అత్త సూసేలోపల చెరిపేస్తా."
చెరపొద్దు అని రాశాను. రేణుక ఇంకా చూడలేదు.
కుప్పం డాక్టరమ్మ నంబరు తీసి పెట్టుకున్నాను. ఫోటో పంపడానికి ఒక్క వేలు చాలు… పాప నా పాప కాదు.
మళ్లీ రేణుకకే ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది —