గవరయ్య తాతను నేను చంపలేదు

సెప్టెంబరు 6, శనివారం

నిర్ణయం తీసుకున్నాను. ఇకమీదట కథ ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క మింగను.

కారణం బాలామణి. పక్కింట్లో బట్టలు కుడుతుంది, నోరు కూడా కత్తెరే. పోయిన ఆదివారం నేను సీరియల్ ఆఖరి భాగం చదువుతుంటే మధ్యలో ఆపి, "అక్కా, ఇది పుస్తకంలో ఉందా, మీ నోట్లోంచి వస్తందా?" అని అడిగింది. అందరి ముందూ.

అందరూ అంటే ముగ్గురు. బాలామణి, గుణుపూర్ నుంచి కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్న అమ్మన్నమ్మ, ఆవిడ కోడలు హేమమాలిని. ముగ్గురి నోటా తెలుగే. కానీ అమ్మన్నమ్మ బడి మొహం చూడలేదు, మిగతా ఇద్దరూ ఒడియాలో చదువుకున్నారు. తెలుగు అక్షరం కనబడితే ముగ్గురూ నా వైపు చూస్తారు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో వారపత్రిక నేను చదువుతాను, వాళ్ళు వింటారు. మా ఆయన పోయాక మా ఇంట్లో మనుషుల గొంతులు వినిపించేది ఆ ఒక్క పూటే.

మా నాన్నగారు జయపురం సంస్థానం ఆఫీసులో నకళ్ళు రాసేవారు. అసలులో తప్పుంటే నకలులోనూ ఆ తప్పు ఉండి తీరాలనేవారు. ఆయన కూతురినై, కలెక్టరేటులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు చూసినదాన్నై, నేను కలుపుతానా? (కలుపుతాను. అది వేరే సంగతి.)

శిక్ష: ఒక్క మాట కలిపినా మర్నాడు పొద్దున్న కాఫీ లేదు. కొరాపుట్‌లో ఉంటూ కొరాపుట్ కాఫీ మానుకోవడం ఏపాటి శిక్షో తాగేవాళ్ళకు తెలుసు.

సెప్టెంబరు 7, ఆదివారం

కొత్త సీరియల్ మొదలు. 'గేటు దగ్గర టీ కొట్టు'. రాసింది రాయగడ ఈశ్వరప్రసాద్ గారు. మునిగుడలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారట. మనవైపు మనిషని మురిసిపోయాం. కథలో రైలు గేటు పక్కన టీ కొట్టు, దాని యజమాని గవరయ్య తాత, కొట్టు నాకంటే నాకని కొట్టుకునే ఇద్దరు కొడుకులు.

అక్షరం పొల్లుపోకుండా చదివాను. నిజం చెప్పాలంటే కాస్త ఎండిపోయిన రాత.

"రాసినాయన ఇంట్లో వంట బాగోదక్కా," అంది బాలామణి. "కథలో ఒక్కడూ కడుపునిండా తిన్నేదు."

"పొగరుమోతు మనిషి," అంది అమ్మన్నమ్మ. "ఎవుల్నీ నవ్వనీడు."

"రైల్వే ఆయన కదా అత్తా, టైం తప్ప ఇంకేటీ పట్టదు," అంది హేమమాలిని.

మనిషిని చూడకుండానే ముగ్గురూ కలిసి జాతకం రాసేశారు.

సెప్టెంబరు 8, పొద్దున్న

కాఫీ. రెండు గ్లాసులు. నిజాయితీకి ఇంత రుచి ఉంటుందని తెలియదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఒక చిన్న సంగతి. తప్పు అనను.

గవరయ్య తాత పొద్దుటినుంచి ఏమీ తినకుండా టీ కాస్తున్నాడు. పత్రికలో అలాగే ఉంది. అమ్మన్నమ్మ మొహం చూస్తే ఆవిడే పస్తున్నట్టుంది. అందుకని తాతకు రెండు అరిసెలు పెట్టాను. నువ్వులద్దినవి, అంచు కరకరలాడేవి, మధ్యలో మెత్తనివి, వేళ్ళకు నెయ్యి అంటేవి. అంతే.

"ఈ రచయితకి సుగర్ ఉంది ఆంటీ," అంది హేమమాలిని. "తినకూడనోళ్ళే అరిసె గురించి అంత ఇదిగా సెప్తారు."

నా మాత్రల డబ్బా కిటికీలోంచి తీసి బీరువాలో పెట్టాను.

రేపు కాఫీ లేదు. అయినా నేను తాగేది చక్కెర లేని కాఫీ కాబట్టి శిక్ష సగానికి తగ్గించవచ్చు. అర గ్లాసు.

సెప్టెంబరు 19, శుక్రవారం

సాలూరు బస్సులో పత్రిక వచ్చింది. బస్టాండులోనే నిలబడి చదివాను.

గవరయ్య తాత పోయాడు. పాలగిన్నె దించుతూ గుండె ఆగి పోయాడు. నాలుగు వాక్యాల్లో తేల్చేశారు ఈశ్వరప్రసాద్ గారు. స్టేషన్లో ఆగని రైలు కూడా అంతకన్నా నెమ్మదిగా పోతుంది.

సాయంత్రం హేమమాలిని ఫోను. మామగారు, అంటే అమ్మన్నమ్మ భర్త సుందరరావు గారికి గుండెలో నొప్పి. ఆస్పత్రిలో చేర్చారు.

సెప్టెంబరు 20, శనివారం

ఆస్పత్రికి వెళ్ళాను. అమ్మన్నమ్మ బయట బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"రేపొస్తాను శ్యామలమ్మగారూ. తాత ఎలగున్నాడో ఇనాల."

"రేపు వద్దులే అమ్మన్నమ్మా. నీకు తీరికెక్కడిది?"

"ఒక్క గంట. మా ముసిలాయన కూడా గవరయ్య తాతలాగే, కడుపు మాడ్సుకుని పని సేస్తాడు. ఆ తాత బాగుంటే నాకు దయిర్నంగుంటాది."

ఇంటికొచ్చి ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు చదివినా పోతూనే ఉన్నాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

బతికించాను.

పాలగిన్నె దించాడు, కొంచెం ఆయాసపడ్డాడు, కూర్చున్నాడు, లేచాడు. అమ్మన్నమ్మ ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

పత్రికలో కథకు వేసిన బొమ్మ మాత్రం ఇరకాటంలో పెట్టింది. తాత మంచం మీద పడుకుని ఉన్నాడు, మెడలో దండ, చుట్టూ జనం.

"పుట్టినరోజా అక్కా?" అంది బాలామణి.

అవునన్నాను. ఇంకేం అనను?

బొమ్మ బాగుందని హేమమాలిని పేజీని ఫోనులో ఫోటో తీసుకుంది. నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. అతిథులకు పెట్టినప్పుడు తాగితే శిక్ష కిందకి రాదు.

అక్టోబరు 5, ఆదివారం

చంపడం తేలిక. నాలుగు వాక్యాలు. బతికించినవాణ్ణి ప్రతివారం మేపాలి.

పోయినవారం పత్రికలో తాత పెద్దకర్మ. భోజనాలు, గారెలు, చుట్టాలు. దాన్ని సత్యనారాయణ వ్రతంగా చదివాను. ఏడుస్తున్న కోడలికి కళ్ళలో పొగ పెట్టాను. తాతను మూల కూర్చోబెట్టి కొబ్బరికాయల పీచు ఒలిపించాను.

ఈవారం అమ్మన్నమ్మ తప్పు పట్టింది. "ఈ రాసినోడికి ముసిలోళ్లంటే లెక్క నేదు. తాత సేత ఒక్క మాటైనా ఆడించడేటి?"

పాపం ఈశ్వరప్రసాద్ గారు. తాను చంపినవాణ్ణి పట్టించుకోలేదని మాట పడుతున్నారు. ఆయన పరువు కాపాడాలని తాత చేత మాట్లాడించాను. చిన్నకొడుకు పెళ్ళిలో నాలుగు బూరెలు జేబులో వేసుకుని, పెద్దకోడలు పట్టుకుంటే "ఇవి జేబు కోసం తీసాను, నా కోసం కాదు" అన్నాడు. బాలామణి నవ్వి నవ్వి దగ్గింది. ఆస్పత్రి బెంచీ మీదినుంచి లేచొచ్చిన అమ్మన్నమ్మ కూడా నవ్వింది.

చాలా బాగుంది నాకు. సిగ్గుపడాలి, కానీ బాగుంది.

అక్టోబరు 12, ఆదివారం

కొట్టు పెద్దకొడుకు పేరు మీదికి మారింది. పత్రికలో మరణ ధ్రువపత్రం చూపించి మార్పించుకున్నాడు. నేనేం చేయను? తాత చేత సంతకం పెట్టించాను.

పోయినవాడి చేత సంతకం. కలెక్టరేటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసినదాన్ని.

ఆ రాత్రి తాత ఒక్కడే ఉన్న ఘట్టం కూడా కలిపాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని, ఆకలి లేకపోయినా కుక్కరులో పప్పు పెడతాడు, ఆ కూత వినడం కోసం.

ఎవరూ నవ్వలేదు. బాలామణి మెల్లిగా అంది: "ఈ రచయిత ఇంట్లో ఇంకెవులూ లేరక్కా. ఒంటరోడు."

పత్రిక మూసేశాను. గొంతు బాగోలేదని చెప్పాను.

కాఫీ సంగతి రాయడం లేదు. ఇది డైరీ, పోలీసు స్టేషన్ కాదు.

అక్టోబరు 26, ఆదివారం

సుందరరావు గారు ఇంటికొచ్చారు. గుండెకు స్టెంటు వేశారు. నెమ్మదిగా నడుస్తున్నారు.

అమ్మన్నమ్మ నాకొక గుమ్మడికాయ తెచ్చింది. "తాతా బతికేడు, మా ఆయనా బతికేడు," అంది. నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడైనా తాతను పంపించేయవచ్చు కదా అనుకున్నాను. కత్తి ఎత్తాను కూడా. కానీ ఈవారం తాత మొదటిసారి రైలెక్కి రాయగడ చూడబోతున్నాడు. అది నేనే మొదలుపెట్టాను. మధ్యలో ఎలా ఆపను?

నవంబరు 3, సోమవారం

కొంప మునిగింది.

వచ్చే ఆదివారం కోలాబ్ డ్యామ్ దగ్గర తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాలు. ముఖ్య అతిథి, రాయగడ నుంచి, ఈశ్వరప్రసాద్ గారు.

బాలామణి కొత్త జాకెట్టు కుట్టుకుంటోంది. అమ్మన్నమ్మ, "నానాయన్ని ఓ మాట అడగాల," అంది. ఏ మాటో చెప్పలేదు.

నా దారులు:
జ్వరం. (వాళ్ళు నేను లేకుండా వెళతారు. ఇంకా ప్రమాదం.)
ఆయనకు జ్వరం. (నా చేతిలో లేదు.)
నిజం చెప్పేయడం.

మూడోది చెబితే ఆదివారం ఎవరూ రారు. భర్త ప్రాణం కోసం ఆ ముసలావిడ పట్టుకున్న తాడు నేను నోటితో పేనిందని తెలిస్తే, ఇంక నా మొహం చూస్తుందా? నాకు భయంగా ఉంది. ఈ వయసులో మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం గోడలు చూస్తూ కూర్చోలేను.

నవంబరు 9, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడైనా.

ఈశ్వరప్రసాద్ గారు పొట్టిగా, గుండ్రంగా, పులిహోర మూడోసారి వడ్డించుకుంటూ కనిపించారు. ఇంట్లో వంట బాగోదన్న బాలామణి నన్ను మోచేత్తో పొడిచింది. నేను వాళ్ళను ఉసిరిచెట్టుకు అవతలికి తీసుకుపోదామనుకునే లోపల అమ్మన్నమ్మ ఆయన ముందుకు వెళ్ళి దండం పెట్టేసింది.

"అయ్యా, గవరయ్య తాతని సంపకుండా ఉంచేరు. అందుకు మీకు దండాలు."

ఆయన చెయ్యి నోటి దగ్గర ఆగింది. "గవరయ్య..."

"జేబులో బూరెలేసుకున్నాడు సూడండి," అంది బాలామణి, "ఆ కాడ నవ్వలేక సచ్చేను."

ఆయన బాలామణిని చూశారు. అమ్మన్నమ్మను చూశారు. తరవాత నన్ను చూశారు. నేను ఉసిరికాయలు లెక్కపెట్టాను.

"ఆ బూరెల సంగతా అమ్మా," అన్నారు చివరికి, గొంతు సవరించుకుని. "ఎంతో ఆలోచించి రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. ఆ తాతను చంపడానికి నాకు మనసొప్పలేదు."

ఆయనకు నిజంగా గుర్తు లేదో, పొగడ్త వదులుకోబుద్ధి కాలేదో, ఆ ముసలావిడ మొహం చూసి నాలాగే లొంగిపోయారో. రచయిత ఉద్దేశం మనకెలా తెలుస్తుంది? బయటపడ్డానని సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. నా బూరెలు. నా గవరయ్య.

తిరుగు ప్రయాణంలో వ్యానులో అమ్మన్నమ్మ నా పక్కన కూర్చుంది. బాలామణి నిద్రపోతోంది. ఇంక దాచలేకపోయాను.

"అమ్మన్నమ్మా, నీకొక మాట చెప్పాలి. ఆ తాత..."

"సచ్చిపోయేడు. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"హేమ ఫోటో తీసింది కదా. ఆ రాత్రి ఆస్పత్రిలో నాకు నిద్దర పట్టక, ఆ పేజీ ఫోను సేత సదివించమన్నాను. ఫోనుకి మన అచ్చరాలొచ్చంట. పాలగిన్నె దించుతూ సంపీసింది."

"మరి ఎందుకు ఊరుకున్నావు? ప్రతి ఆదివారం ఎందుకొచ్చావు?"

"ఫోను సదివితే తాత సచ్చిపోతన్నాడు. మీరు సదివితే బతుకుతన్నాడు. అందుకే ఫోను మానీసి మీ ఇంటికొచ్చేను."

నాకు ఏడుపొచ్చింది. వ్యాను మలుపులు తిరుగుతుంటే ఇద్దరం ఒకరి మీద ఒకరు ఒరిగాం.

"అయితే ఆయన్నెందుకు అడిగావు?"

"మీరు సేసిన మంచి పని, తనదని ఒప్పుకుంటాడో నేదో సూద్దారని. ఒప్పుకున్నాడు. పొగరుమోతనుకున్నాను గాని, మంచోడే." నా చెయ్యి పట్టుకుంది. "కుక్కరు కూత కోసం పప్పెట్టుకోకండి శ్యామలమ్మగారూ. రాత్రి కూడు మా ఇంటికాడ తినండి."

ఆ మాట తరవాత నిజంగానే గొంతు బాగోలేకపోయింది.

నవంబరు 15, శనివారం

నిన్న పత్రిక వచ్చింది. టీ కొట్టు కథ పోయినవారంతో అయిపోయింది. ఈశ్వరప్రసాద్ గారిదే కొత్త సీరియల్ మొదలు. ఈసారి కాశీపూర్ బస్సులో కథ. కిటికీ పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో కోడిపుంజు. అప్పుడే దగ్గుతోంది. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

కోడిపుంజు పరిస్థితి కూడా ఆశాజనకంగా లేదు.

అయినా సరే. నిర్ణయం తీసుకున్నాను. రేపటినుంచి ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క మింగను. నాన్నగారి మీద ఒట్టు. శిక్ష మామూలే, పొద్దున్న కాఫీ లేదు.

కాఫీ పొడి నిండుకుంది. తెప్పించలేదు. ఎలాగూ అవసరం పడేట్టు లేదు.