భూగర్భ జలాలు కోరితే సముద్రం కేటాయించిన సంగతి

కళ్యాణదుర్గం

పీజీ అడ్మిషన్ల కన్వీనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎమ్మెస్సీ భూగర్భ జలాల కోర్సు చదవగోరిన అభ్యర్థికి సముద్ర శాస్త్రంలో సీటు కేటాయించుట, సదరు సీటు రద్దుపరచి, ఆప్షన్లు మార్చుకొనుటకు ఒక్క గంట తెరిపించుట గురించి.

కొండప్ప కుమారుడు, బీఎస్సీ పట్టభద్రుడు, సముద్రాన్ని ఫోన్లో తప్ప చూసి ఎరుగని తిప్పేష్ అను నేను సవినయంగా విన్నవించుకొనునది.

1. మా నాయన మూడెకరాల చేనులో నాలుగు బోర్లు వేయించినాడు. నాలుగూ అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచి, అది లేచి నిలబడిన చోట నీళ్లుంటాయనే పెద్దమనిషి చూపించిన చోటే. టెంకాయ నిలబడింది, నీళ్లు పడలేదు. దాంతో నాయన గొర్రెల పెంపకం పట్టినాడు. టెంకాయ లేకుండా నీళ్లు యాడుండాయో చెప్పే చదువు ఒకటి అనంతపురంలోనే ఉందని తెలిసి, చదివితే అదే చదవాలని డిగ్రీ మొదటి ఏడే తీర్మానించుకొన్నాను.

2. దరఖాస్తులో ఫోన్ నంబరు అడిగినారు. నేను ఏడాదిలో మూడు సిమ్ములు మార్చినవాడిని. నాయన నంబరు పన్నెండేళ్లుగా ఒకటే. ప్రభుత్వానికి నిలకడ గల మనిషి నంబరు ఇవ్వడం మర్యాదని అదే ఇచ్చినాను. ఈ వ్యవహారంలో నా నేరం ఇంతవరకే.

3. ఆప్షన్లు తెరిచిన వారమే నాయన మందను తోలుకొని కణేకల్ పక్కకు పోయినాడు. కాలువ కింద బీడు పెట్టిన మళ్లలో మంద నిలిపితే రైతుకు ఎరువు, గొర్రెలకు మేత. ఏటా పోయేదే. ఫోను కూడా ఆయనతోనే పోయింది.

4. ఇంటర్నెట్ సెంటరు సుంకప్పన్న, పేజీ పని చేస్తాందో లేదో చూద్దామని జాబితాలో మొదటున్న కోర్సు నొక్కి సేవ్ చేసినాడు. అది సముద్రం ఒడ్డున ఉండే యూనివర్సిటీలో సముద్ర శాస్త్రం. "తర్వాత తీసేద్దాంలేప్పా" అన్నాడు. పెట్టేటప్పుడు అడగని ఓటీపీని తీసేటప్పుడు, మార్చేటప్పుడు అడిగింది కంప్యూటరు.

5. మా నాయనకు అంకెలు రావు, మంద దగ్గర చదివి చెప్పేవాళ్లూ లేరు. పచ్చ బటన్ నొక్కితే మనిషి పలుకుతాడని మాత్రం తెలుసు. మా సంభాషణ తమ పరిశీలనార్థం:

"నాయనా, మెసేజి వచ్చిందా?"

"ఏందో వచ్చినాది రా."

"ఎట్లుండాయో చెప్పు."

"మొదట కట్టె. దాని పక్కన గుడ్డు. మళ్లా కట్టె. కడాకు తలకాయ, తోక ఉండేది ఒకటి."

"తలకాయ పైనుండాదా, కిందుండాదా?"

"ఫోను ఎట్ల పట్టుకుంటే అట్లుండాది రా."

మొదటిసారి ఆరని కొట్టినాను. రెండోసారి వచ్చిన దాంట్లో తొమ్మిదని కొట్టినాను. మూడోసారి సిగ్నలు కోసం నాయన బండ ఎక్కినాడు, గొర్రెలు చెరకు తోటలోకి దూరినాయి. మూడోదీ గడువు దాటినాక కంప్యూటరు తాళం వేసుకొని, ఆ సముద్రమే నాకు కేటాయించింది.

6. హెల్ప్‌లైన్ వారు నంబరు మార్చుకోమన్నారు. మార్చాలంటే పాత నంబరుకు ఓటీపీ వస్తుందన్నారు. తమ కార్యాలయానికి వస్తే సిబ్బంది ఒకరు, "ఏమప్పా, నువ్వడిగింది నీళ్ల సబ్జెక్టే గదా, ఆడ నీళ్లకేం కరువు?" అని సెలవిచ్చినారు. నేనూ నవ్వినాను. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

7. శుక్రవారంలోగా చేరకపోతే ఈ సీటు పోతుంది. చేరితే అనంతపురం సీటు నాకు ఇంక రాదు. అక్కడ రెండు ఖాళీలు ఉన్నట్టు తమ జాబితాలోనే ఉంది. ఏం చేయాలో నాకైతే తోచడం లేదు.

కావున దయతో ఒక్క గంట ఆప్షన్లు తెరిపించగలరు. గంట ఎక్కువనుకొంటే పది నిమిషాలైనా సరే, చిత్తగించవలెను.

ఒడ్డునే నిలబడిపోయిన తమ విధేయుడు,
కె. తిప్పేష్

తా.క.: ఇది రాస్తుండగా నాయన మందను మా మామకు అప్పజెప్పి, ఫోను తీసుకొని బస్సెక్కి వచ్చేసినాడు. ఛార్జింగు నిండా ఉండాది. పక్కనే కూర్చొని "ఇంగ వస్తాదా రా నంబరు?" అంటాండాడు. తను అంకెలు తప్పు చెప్పినందుకే కొడుకు చదువు పోయిందని ఎవరో అన్నారంట. కాదు, కంప్యూటరు తప్పని చెప్పినాను. నమ్మలేదు. సార్, సీటు ఇయ్యలేకపోతే ఇయ్యొద్దు. జవాబు మాత్రం పంపండి. అందులో తప్పు కంప్యూటరుదేనని ఒక్క వరుస రాయండి. నేను చదివి చెప్తే ఒప్పుకోడు, ఊర్లో ఇంకొకరితో చదివించుకుంటాడు.