బొంతలో ఉండిపోయిన కాగితం

శనివారం రాత్రి

బొంత పూర్తయింది. దేవునికి స్తోత్రం. ఇంటిల్లిపాది పాతబట్టలు ఆరుమూలల ముక్కలు చేసి, ఆకారం చెడకుండ ఒక్కోదాంట్ల గట్టి కాగితం పెట్టి మడిచి, ఏండ్లకేండ్లు చేత్తోనే కుట్టిన. చిన్నచెల్లె రూతుకు పెండ్లి కుదిరినంక గానీ ముగియలేదు. కార్వాన్‌ల అత్తగారింటికి పాతబట్టల బొంత తీసుకపోతదా, నవ్వుతరని వద్దంటదా అని పొద్దటి నుంచి ఒకటే ఫికర్.

సాయంత్రం చేతికిచ్చిన. కప్పుకొని పక్కకు తిరిగింది. గరగరమని చప్పుడు.

"అక్కా, లోపల ఎలుకను గిట్ల పెట్టి కుట్టినవా ఏంది?"

తడిమి చూసిన. అస్తరు వేసేముందు కాగితాలన్నీ తీసిననుకున్న, ఒకటి ఉండిపోయింది. మస్తు సిగ్గయింది. కత్తెర పట్టుకొచ్చి, "ఇటియ్యి, విప్పుతా" అన్న.

"నువ్విప్పుడు విప్పితే మళ్ల నా బిడ్డ పెండ్లికే ఇస్తవ్. ఉండనీ."

లేచి తన ట్రంకుపెట్టె తెరిచింది. పెండ్లి పట్టుచీర తీసి మంచం మీద పడేసి, ఆ జాగాల బొంత కుక్కింది. మూత పడలేదు. ఎక్కి కూసున్నది. అయినా పడలేదు.

"చూస్తవేంది అక్కా, నువ్వు గూడ రా!"

ఇద్దరం నవ్వుకుంట కూసున్నం. మూత పడ్డది.

పట్టుచీర దేంట్ల పెట్టాల్నో ఇంకా తెల్వది.