తాతయ్య బరువు యాభై ఎనిమిది కిలోలు

సోమవారం

పోస్టులో పుస్తకాలు పంపే విభాగం గ్రంథపాలకులు గారికి,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అయినా అవసరం నాది కాబట్టి మొహమాటపడకుండా రాస్తున్నాను.

నేను ఇంట్లోనే కర్టెన్లు కుట్టి ఇస్తుంటాను. మాకిద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదిహేను, చిన్నదానికి పదమూడు. రెండేళ్లుగా ఇద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు. పెద్దదానికి కొత్తవాళ్ల ముందు గొంతు పెగలదు. బడిలో ఒక ఏడాదంతా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటిపట్టున ఉన్నాకే మళ్లీ నోరు విప్పింది. ఇప్పుడు మూయమన్నా మూయదు.

పోయిన వారం విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఆయన ఏం అడిగినా పెద్దది నేలచూపులు చూస్తూ నిలబడింది. "సైన్సులో లోతు లేదు. ఒక్క అంశం పట్టుకుని లోతుగా చదివించండి. ఆరు వారాల తర్వాత గురువారం వస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఇద్దరినీ బడికి పంపాల్సిందే" అని కాగితం మీద రాసి మరీ వెళ్లారు. ఆ కాగితం చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. పెద్దది మళ్లీ మూగదైపోతే నేను తట్టుకోలేను.

పిల్లలు ప్రాచీన ఈజిప్టువాళ్ల సైన్సు ఎంచుకున్నారు. వాళ్ల వైద్యం, నీటి గడియారాలు, నక్షత్రాల లెక్క, శవాలు చెడిపోకుండా ఉంచే విద్య. దుకాణాల్లో అడిగితే రంగులు వేసుకునే బొమ్మల పుస్తకాలు చూపిస్తున్నారు, లేకపోతే పండితులు కూడా కళ్లజోడు తుడుచుకుని చదివేవి. పెద్ద పిల్లలు చదివి అర్థం చేసుకునేవి మీ దగ్గరేమైనా ఉన్నాయా?

ఇట్లు,
పుస్తకం మీద టీ కప్పు పెట్టనని మాట ఇస్తూ,
కర్టెన్ల ఆవిడ

తా.క. లెక్కలు మా మామగారు చెబుతారు. విద్యాశాఖ కాగితాల్లో అలాగే రాశాం. చెబుతూ చెబుతూ నిద్రపోతారని మాత్రం రాయలేదు.


గురువారం

కర్టెన్ల అమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి నాకే దిగులు వేసింది. మీరు అడిగినటువంటివి ఏడు పుస్తకాలున్నాయి. మా నిబంధన ప్రకారం ఒక్కొక్కటే పంపాలి. మొదటిది ఈ ఉత్తరంతోపాటు వస్తోంది.

ప్రతి పుస్తకంలో ఒక చీటీ ఉంటుంది. అందులో "ప్రయోజనం" అనే గడి ఉంది చూడండి. పుస్తకం ఎందుకు కావాలో చదివేవాళ్లే స్వయంగా, రెండు వరుసల్లో రాయాలి. మూడో వరుస రాస్తే చీటీ చెల్లదు. ఈ నిబంధన నేను పెట్టింది కాదు గానీ పంతొమ్మిదేళ్లుగా నేనే కాపాడుతున్నాను.

నేను కూర్చునేది గ్రంథాలయం నేలమాళిగలో. ఇన్నేళ్లలో ఒక్క పాఠకుడి మొహం కూడా చూడలేదు. చూడనక్కర్లేదు కూడా. చీటీ చూస్తే మనిషి తెలిసిపోతాడు. ఈ విషయంలో ఇంతవరకూ పొరపాటు పడలేదు.

మీ పిల్లలకు మంచి జరగాలని కోరుకుంటూ,
నేలమాళిగ గ్రంథపాలకుడు

తా.క. ఒకాయన తేనెటీగల పెంపకం మీద పుస్తకం తెప్పించుకున్నారు. తర్వాత వాపులకు చికిత్స మీద. ఆ తర్వాత ఇల్లు మారేటప్పుడు సామాన్లు సర్దుకోవడం మీద. ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.


మంగళవారం

గ్రంథపాలకులు గారికి,

నమస్కారం. మూడో పుస్తకం తిప్పి పంపుతున్నాను, నాలుగోది పంపండి. పిల్లలు చదవడంతో ఆగలేదు, చేసి చూస్తున్నారు. ఏం చేస్తున్నారో రాద్దామనుకున్నాను గానీ అంతా చీటీల్లో వాళ్లే రాశామన్నారు. మీకు తెలిసిందే మళ్లీ రాసి విసిగించడం ఎందుకని మానేశాను.

ఇల్లంతా వాసన. పక్కింటివాళ్లు రెండుసార్లు అడిగారు. విద్యాశాఖకు చేరవేస్తారేమోనని కిటికీలకు మందపాటి కర్టెన్లు వేసి, లోపలి నుంచి పిన్నులు పెట్టేశాను. గది మూల రెండు బస్తాల ఉప్పు ఉంది, దాని మీద కూడా దుప్పటి కప్పాను. తలుపు చప్పుడైతే చాలు, పిన్నులు ఊడలేదు కదా అని చూసుకుంటున్నాను.

ఇట్లు,
తలుపు వైపు ఒక కన్ను వేసి రాస్తున్న,
కర్టెన్ల ఆవిడ

తా.క. మామగారు మొదట ససేమిరా అన్నారు. పిల్లలు ఒప్పించారు. ఇప్పుడు నోరెత్తడం లేదు.


శుక్రవారం

అమ్మగారికి,

నమస్కారం. మీ పిల్లల చీటీలు మూడూ బల్ల మీద పెట్టుకుని మూడు రోజులుగా చూస్తున్నాను. మీకూ ఒకసారి చూపిస్తే మంచిదనిపించింది.

మొదటి చీటీ: "ఉప్పులో ఎండబెట్టడం ఎలాగో నేర్చుకోవడానికి."

రెండో చీటీ: "ఎంత బరువుకు ఎంత ఉప్పు పడుతుందో తెలుసుకోవడానికి. తాతయ్య బరువు యాభై ఎనిమిది కిలోలు."

మూడో చీటీ: "మొత్తం డెబ్భై రోజులు పడుతుందట. ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా అయిపోయే పద్ధతి కోసం."

చేతిరాత చాలా బాగుంది. అందుకే ఇంకా భయంగా ఉంది.

నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. మీ మామగారు కులాసాగా ఉన్నారా? ఉంటే, ఆయన చేతితో ఒక్క సంతకం చేయించి పంపండి. మా రికార్డులో అవసరం. ఇంతవరకూ ఎవరినీ అడగలేదు, ఇప్పుడే అవసరం వచ్చింది.

ఇట్లు,
మీ జవాబు కోసం నిలబడి ఎదురుచూస్తున్న,
గ్రంథపాలకుడు

తా.క. పిల్లలు అడిగిన నాలుగో పుస్తకం, మెదడును ముక్కులోంచి బయటికి తీసే పనిముట్ల గురించినది, ప్రస్తుతం దొరకడం లేదు.


శనివారం

గ్రంథపాలకులు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివాను. ఇన్ని విషయాలుండగా మీరు మా మామగారి గురించే ఎందుకు అడిగారు? విద్యాశాఖవాళ్లు మిమ్మల్ని అడగమన్నారా? ఆయన లెక్కలు చెప్పడం లేదని ఎవరైనా చెవిన వేశారా? నేను అన్నీ ఉన్నదున్నట్టే చెబుతాను, దయచేసి అలాగే రాసుకోండి.

ఆయన కులాసాగా ఉన్నారు. పొద్దున్న పది గంటల నుంచి పిల్లల పక్కనే ఉంటారు. బల్ల మీద నుంచి కదలరు. పిల్లలకు ఆయన వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆయన మాట్లాడరని ఎవరైనా అంటే నమ్మకండి, మాట్లాడేవారే.

సంతకం వీలు కాలేదు. ఇన్నేళ్లలో ఎవరినీ అడగని సంతకం మమ్మల్నే అడిగారు కాబట్టి ఏదో ఒకటి పంపకపోతే తప్పు పడతారని భయపడ్డాను. నేను వెళ్లేసరికి పిల్లలు ఆయన నాలుగు వేళ్లకూ గుడ్డ చుట్టేశారు. బొటనవేలు ఒక్కటే మిగిలింది. దాని ముద్రే తీసి పంపుతున్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఇట్లు,
ఏ తప్పూ చెయ్యని,
కర్టెన్ల ఆవిడ

తా.క. ముద్ర మీద తెల్లగా కనిపించేది ఉప్పు. దులిపేయండి.

మరో తా.క. పిల్లలు మీకు విడిగా ఒక పార్సిలు పంపుతున్నారు. అది మా ఇంటి వాసన ఎందుకో మీకు చెబుతుందట.


బుధవారం

అమ్మా,

ఈ ఉత్తరం చదివాక మీరు నన్ను ఏమన్నా పడతాను.

మీ బొటనవేలి కాగితం సోమవారం అందింది. దాన్ని పటకారుతో పట్టుకుని చదివాను. చివరి మాట దాకా వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. ఆ మధ్యాహ్నమే విద్యాశాఖ ఇన్‌స్పెక్టరుకు ఒక ఉత్తరం రాశాను. "ఆ ఇంట్లో ఒక పెద్దాయనను ఎండబెడుతున్నారు. మీరు పెట్టిన గడువు దాకా ఆగకండి. చెప్పకుండా వెళ్లండి" అని రాసి, సంతకం చేసి, నేనే స్వయంగా వెళ్లి పోస్టు డబ్బాలో వేశాను. పని వేళల్లో నేలమాళిగ దాటి బయటికి రావడం పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

ఈ రోజు మీ పిల్లల పార్సిలు వచ్చింది. అరచేతి పొడవున, గుడ్డ చుట్టి, రెండు వైపులా ముడి వేసి ఉంది. అది మీ మామగారిలో ఏ భాగమో అనుకున్నాను. కుర్చీ ఎక్కి నిలబడ్డాను. ఎందుకెక్కానో ఇప్పుడు చెప్పలేను. చాలాసేపటికి దిగి విప్పి చూస్తే, చేప.

లోపల మీ పెద్దమ్మాయి రాసిన కాగితం ఉంది. చేపలు రెండు ఎండబెట్టారని, ఒకటి నాకని. నాలుగు వందల గ్రాముల చేపకు ఇంత ఉప్పు పడితే యాభై ఎనిమిది కిలోల తనకెంత పడుతుందో కట్టమని లెక్క ఇచ్చింది తాతయ్యేనని. ఎన్ని మీటర్ల గుడ్డ కావాలో చూడటానికి ఆయన మీదే చుట్టి నేర్చుకుంటున్నారని. చివర "ఇదంతా రెండు వరుసల్లో పట్టలేదండి" అని రాసింది.

అమ్మా, నా చీటీ గడే ఇంత పని చేసింది. పోస్టు డబ్బా దగ్గరికి మళ్లీ పరుగెత్తాను. ఉత్తరం ఎప్పుడో వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు ఏ క్షణమైనా వస్తారు. ఉప్పు దాచేయండి, గుడ్డలు విప్పేయండి, పెద్దాయనను కుర్చీలో కూర్చోబెట్టండి. మీ పిల్లలను బడికి పంపించేస్తే ఆ పాపం నాదే.

ఇట్లు,
చీటీ చూసి మనిషిని చెప్పగలనని ఇక ఎవరితోనూ అనని,
గ్రంథపాలకుడు

తా.క. ముక్కు పనిముట్ల పుస్తకం దీనితోపాటు పంపుతున్నాను. అది ఎక్కడికీ పోలేదు, నా సొరుగులో తాళం వేసి పెట్టాను. చదవలేదు. బొమ్మలు మాత్రం చూశాను, చూడకుండా ఉండాల్సింది.


ఆదివారం

గ్రంథపాలకులు గారికి,

నమస్కారం. మీ హెచ్చరిక శుక్రవారం అందింది. ఇన్‌స్పెక్టరు గారు తన గడువుకు వారం ముందే, మొన్న గురువారమే వచ్చేశారు.

పొద్దున్న పదిన్నరకు తలుపు చప్పుడైంది. నేను మిషను మీద ఉన్నాను. గడియ తీసీ తీయగానే ఆయన నన్ను తప్పించుకుని లోపలికి వచ్చారు. చేతిలో ఒక ఉత్తరం ఉంది. అది మీదని అప్పుడు నాకు తెలియదు. కర్టెన్లు కత్తిరించే పొడవాటి బల్ల మీద మామగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. కాళ్ల నుంచి తల దాకా తెల్ల గుడ్డ. ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎప్పటిలాగే నిద్రపోతున్నారు. కిటికీలు మూసి ఉన్నాయి, గదిలో చేప వాసన.

ఇన్‌స్పెక్టరు గారు మెల్లగా దగ్గరికి వెళ్లి, ఒక్క వేలితో ఆయన భుజం తాకారు. "ఎన్ని మీటర్లయింది?" అన్నారు మామగారు గుడ్డలోంచి.

ఇన్‌స్పెక్టరు గారు నిలువునా పడిపోయారు. పడటం పడటం మిషను అంచు తగిలి నుదురు చిట్లింది. రక్తం చూసి కేక వెయ్యబోయాను, నా గొంతు పెగల్లేదు. కొత్త మనిషి ముందు మాట రాకపోవడం అంటే ఏమిటో, పదిహేనేళ్లు పెద్దదాన్ని పెంచుతూ కూడా నాకు అప్పుడే తెలిసింది.

పెద్దది వచ్చి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పేరు అడిగింది, వారం అడిగింది, వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంది. గాయం అంచులు నొక్కి చూసింది. ఆ కాలపు వైద్యులు రోగిని చూశాక మూడు మాటల్లో ఒకటి చెప్పేవారట. నేను నయం చేస్తాను, నేను దీనితో పోరాడతాను, దీనికి వైద్యం లేదు. అది ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "ఇది నేను నయం చేసే గాయమండి" అంది. కడిగి, తేనె రాసి, తాతయ్యకు చుట్టగా మిగిలిన గుడ్డతో కట్టు కట్టింది.

"తేనె ఎందుకు?" అని ఆయన నేల మీద పడుకునే అడిగారు. ఆయన ఒక్కో ప్రశ్న వేస్తుంటే నా ప్రాణాలు పైకే పోతున్నాయి. అది మాత్రం ఆగలేదు. ఉప్పు చేపలోంచి నీళ్లు లాగేసినట్టే తేనె క్రిముల్లోంచి లాగేస్తుందని, తడి లేకపోతే అవి బతకవని, రెండింటి వెనకా ఉన్నది ఒకటే సూత్రమని, అరగంట చెప్పింది. చిన్నది చేపల బరువుల పట్టిక తెచ్చి చూపించింది. ఆయన లేచి కూర్చుని, టీ తాగి, రిపోర్టు రాశారు. "లోతు సంతృప్తికరం. ఇంటి చదువు కొనసాగించవచ్చు. తాతగారి విషయంలో ఇంకా లోతుకు వెళ్లవద్దని సలహా."

శుక్రవారం మీ ఉత్తరం చదివి మిమ్మల్ని గంటసేపు తిట్టాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆయన చెప్పిన రోజునే వచ్చి ఉంటే నేను ఇల్లు కడిగి, మామగారికి ఇస్త్రీ చొక్కా తొడిగి, పిల్లలను వరసగా నిలబెట్టేదాన్ని. పెద్దది మళ్లీ నేలచూపులు చూసేది. ఈపాటికి బడి సంచి సర్దుతూ ఉండేదాన్ని. నేను భయపడి సగం దాచాను, మీరు భయపడి మిగతా సగం ఊహించుకున్నారు. తప్పు ఇద్దరిదీ ఉంది. మేలు మాత్రం మా పిల్లకు జరిగింది.

ముక్కు పుస్తకం తిప్పి పంపుతున్నాను. అందులో పెద్దది రాసిన చీటీ ఉంది. అది చదివాక నాకు మిషను మీద దారం కనబడలేదు. ఇక్కడ కూడా రాస్తున్నాను: "గ్రంథపాలకులు గారిని ఉత్తరాలను బట్టి పరీక్షించాను. పంతొమ్మిదేళ్లుగా ఎవరి మొహమూ చూడకపోవడం వల్ల వచ్చిన భయం. ఇది నేను నయం చేసే జబ్బు. వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. మూడో వరుస అయింది, అయినా చెల్లుబాటు చేసుకోండి."

ఇట్లు,
కిటికీలకు పిన్నులు తీసేసిన,
కర్టెన్ల ఆవిడ

తా.క. ఇది మామగారు స్వయంగా రాస్తున్నారు, పక్కన నేను చెబుతున్నది ఏమీ లేదు: "అయ్యా, నేను బతికే ఉన్నాను. మీరు అడిగిన సంతకం కింద చేశాను. మీ రికార్డులో ఒక సవరణ. నా బరువు యాభై ఎనిమిది కాదు, అరవై రెండు. పిల్లలు తూచినప్పుడు గోడ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లకు చెప్పకండి, ఉప్పు లెక్క మళ్లీ మొదటి నుంచీ చేస్తారు."