వంటింట్లోంచి పిలుపు

శామీర్‌పేట, 2003, ఆదివారం రాత్రి

మా ఇంట్లో తీసిన హాస్య సీరియల్ ఇవాళ టీవీలో మళ్లీ వేశారు. షూటింగ్ రోజున నటి రాకపోతే, వంటింట్లోంచి అరిచే భార్య గొంతు మా ఆవిడ సుజాతనే ఇమ్మన్నాడు డైరెక్టర్. రాసిచ్చిన డైలాగు పక్కన పెట్టి, నన్ను రోజూ పిలిచినట్టే పిలిచింది: “ఓ సారూ, పాలు పొంగుతున్నయ్, ఇనవడ్తలేదా?” యూనిట్ అంతా నవ్వింది.

“ఏందే, నా పరువు తీస్తివి” అన్నాను.

“ముందుగాల చెవులు పెట్టుకోండ్రి, పరువు తర్వాత” అంది.

మొన్న నాగారం నుంచి అమ్మాయి ఫోన్‌లో అడిగింది: “బాపూ, అమ్మ గొంతు ఎక్కడన్న ఉన్నదా?” సుజాత పోయాక మిగిలింది ఇదొక్కటే. అందుకే టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి, చప్పుడు చేయకుండా కూర్చున్నాను.

ఇప్పుడు టేపు వెనక్కి తిప్పి విన్నాను. ఆమె పిలుపు స్పష్టంగా వచ్చింది. వెంటనే నేను కూర్చున్న ఈ కుర్చీ జరిగిన చప్పుడు, “ఆ, వస్తున్ననే” అని నా గొంతు.