డెబ్బై పేజీలకు ఫుల్‌స్టాపులు

మంగళవారం, రాత్రి

నాకు చదువు రాదు కనుక ఇది కూడా ఫోన్‌కే చెబుతున్నాను, అదే రాసుకుంటుంది.

పక్కింటివాడు మా దారికి అడ్డంగా లేపుతున్న గోడ గురించి రెండు నెలలు ఈ ఫోన్‌కే చెప్పాను. డెబ్బై పేజీలయ్యాయి. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదని, కోర్టులో ఇవ్వాలంటే రేపటికల్లా సరిచేయించి తెమ్మని మా వకీలు తిప్పి పంపాడు. పొద్దున్నే మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ షాపుకు పోయాను.

షాపు నడిపే సుజాతది గుంటూరు వైపు. "ఒక్క నిమిషం మామ్మగారూ, కంప్యూటరే పెట్టేస్తుంది" అంది. పెట్టింది. చదివి వినిపించమన్నాను. నాలుగు మాటలకో ఆపు.

"గిట్ల ఆగాగి మాట్లాడ్తనా నేను? భయపడ్డదాని లెక్క ఉంది. మళ్ల మొదటి సంది చదువు. నేను బల్ల మీద కొట్టినకాడ చుక్క పెట్టు. రెండుసార్లు కొడితే కొత్త పేరా."

"డెబ్బై పేజీలండీ!"

"నా చెయ్యేం నొయ్యదు తియ్యి."

పది పేజీలకే నా మాట ఊపు ఆమెకు పట్టుబడింది. ఆ తర్వాత నేను కొట్టకముందే ఆమె వేలు పడింది. మూడింటికల్లా అయిపోయింది.

ఒక్కచోట మాత్రం ఆగింది. "మేస్త్రీ చేతిలోంచి తాపీ లాక్కున్నానని ఉందండీ. మీకే ఎదురుతిరుగుతుందేమో, తీసేద్దామా?"

"ఉండనియ్యి" అన్నాను.

వకీలు రేపు ఏమంటాడో. సుజాత అడిగినప్పటినుంచీ మనసు అక్కడే తిరుగుతోంది. కానీ ఆ మాట తీసేస్తే, గోడ ఆ రోజు నడుమెత్తులోనే ఎందుకు ఆగిపోయిందో జడ్జికి ఎట్లా తెలుస్తుంది?