పై అరలో వెచ్చదనం

మార్చి 4

మా ల్యాబ్ మేడమ్ తన గదిలోకి పిలిచి తలుపు వెయ్యమన్నారు. తిట్లు తప్పవనుకున్నాను. పీహెచ్‌డీ సీటు ఒకటి ఖాళీ అయింది, చేరతావా అని అడిగారు. నెలాఖరులోగా చెప్పాలట. ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించుకోవాల్సిందే, ఐదేళ్ళంటే మాటలు కాదన్నారు.

బస్సులో ఉన్నంతసేపూ నాలో నేనే నవ్వుకున్నాను. దిగాక భయం వేసింది.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో చెప్పాను. అమ్మ అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చింది. నర్సు డ్రెస్ కూడా మార్చుకోలేదు. ఐదేళ్ళ తర్వాత నిన్ను డాక్టరంటారు కానీ జ్వరమొస్తే మాత్ర రాయలేవు, అంతేగా అంది. అంతే అన్నాను. నీకు ఉద్యోగం వచ్చేసరికి మీ ల్యాబ్‌లో ఆ పురుగులు కూడా రిటైరైపోతాయని నాన్న అన్నాడు. ముగ్గురం నవ్వాం.

నీళ్ళు పరీక్షించే కంపెనీ వాళ్ళు నన్ను ఇదివరకే తీసుకున్నారు. ఒకటో తారీఖున చేరాలి. నిన్నటిదాకా ఇంట్లో అందరికీ అదే సంతోషం. నాకు కూడా.

మార్చి 5

నాన్న వెక్కిరించే పురుగులు నిజానికి చూడముచ్చటగా ఉంటాయి. గోటి కొసంత పొడవు, మెల్లకళ్ళు. నీళ్ళలో జారుతున్నట్టు పోతాయి. తల కోసేస్తే వారం పది రోజుల్లో కొత్తది మొలుస్తుంది.

వీటితో ఆరేళ్ళుగా పని చేస్తున్న సీనియర్‌ని ల్యాబ్‌లో అందరం తలకాయలక్క అంటాం. ఒక ఆకు నుంచి తీసిన మందు నీళ్ళలో కలిపితే తల తొందరగా మొలుస్తుందని ఆమె కనిపెట్టింది. ఆమె థీసిస్‌కి గుండెకాయ అదే. జూన్‌లో ఇచ్చెయ్యాలి. ఆఖరిగా ఒకసారి ఆ ప్రయోగం వేరే మనిషి చేత్తో కూడా జరగాలని మేడమ్ నాకు అప్పజెప్పారు. ఇవాళే తలలు కోశాను.

మార్చి 9

చేరనా వద్దా అని అక్కని అడిగాను. ఆమె మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తకుండానే, కాపురం ఎలా ఉంటుందో కాపురం చేస్తున్నవాళ్ళని అడక్కూడదంది.

మార్చి 14

తలలు మొలిచాయి. మందు ఉన్న గిన్నెల్లోనూ, లేని గిన్నెల్లోనూ. ఒకేసారి.

మార్చి 16

రెండు రోజులుగా నా తప్పెక్కడుందా అని వెతికాను. మందు సరిగ్గానే కలిపాను. కోత కూడా సరిగ్గానే ఉంది. అక్క చేసినదానికీ నేను చేసినదానికీ ఒక్కటే తేడా. ఆమె మందు గిన్నెలు ఎప్పుడూ పై అరలో, ఉత్త నీళ్ళవి కింద పెడుతుంది. ఆ రోజు పై అర నిండా ఎవరివో సీసాలుంటే, నేను అన్నీ కిందే పెట్టాను.

పై అరలో చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. దాని నెత్తి మీదే ట్యూబ్‌లైట్. వెచ్చగా ఉంటే ఈ పురుగులు తొందరగా తల పెంచుకుంటాయని మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. మందు ఏమీ చెయ్యడం లేదు. చేస్తున్నది అర.

ఇంకో మాట కూడా ఇక్కడ రాయాలి. చెయ్యి పెట్టిన ఆ క్షణంలో నాకు అక్క గుర్తుకు రాలేదు. ఒళ్ళంతా జిల్లుమంది. సంతోషం. అక్క తర్వాత గుర్తొచ్చింది.

మార్చి 17

చెప్పలేదు.

మార్చి 18

ఇవాళా చెప్పలేదు. జూన్ తర్వాత నెలంతా నీ దగ్గరే పడుంటానని అక్క ఫోన్‌లో వాళ్ళ చెల్లెలితో చెబుతోంది. నా భోజనం సగంలో ఆగిపోయింది.

మార్చి 19

చెప్పాను. కాఫీ మెషీన్ దగ్గర. అంతకంటే మంచి చోటు తోచలేదు.

మొదట, నీ చెయ్యి ఇంకా కుదరలేదంది. కోత లోతుగా పడిందేమో అంది. నేను అర సంగతి చెప్పాక ఆగిపోయింది. కప్పు అక్కడే వదిలేసి ల్యాబ్‌లోకి నడిచింది, నేను వెనకాల. పై అరలో అరచెయ్యి ఆనించింది.

"ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఒక్కసారి చెయ్యి పెట్టాలని తోచలేదు చూడు" అంది. నా వైపు చూసి అన్నది కాదు.

ఆ తర్వాత కొత్త పురుగులు తీసి తలలు కోసింది. మందు గిన్నెలు కింద, ఉత్త నీళ్ళవి పైన పెట్టింది. వారం ఆగుదామంది.

మార్చి 23

కంపెనీ నుంచి ఫోన్. ఒకటో తారీఖున వస్తున్నారుగా అన్నారు. ఆ అన్నాను. అవునో కాదో నాకే తెలియని ఆ.

అక్క సంగతి ఇంట్లో చెప్పాను. ఇలా తలకిందులయ్యే పనికా నువ్వు ఐదేళ్ళు ధారపోస్తావని అమ్మ అడిగింది. ఆ అమ్మాయి అన్నం తింటోందా అని కూడా అడిగింది. రేపు ఆమెకీ డబ్బా కట్టిస్తానంది.

మార్చి 27

పై అరలో ఉత్త నీళ్ళ పురుగులకి కళ్ళు వచ్చేశాయి. కింద మందులో ఉన్నవి ఇంకా మొండిగానే ఉన్నాయి.

అక్క నన్ను ముట్టుకోనివ్వలేదు. అన్నీ తనే చూసింది, మళ్ళీ మొదటి నుంచి చూసింది. చేతులు కడుక్కుని మేడమ్ గదికి బయల్దేరింది. నేనూ రానా అన్నాను. ఇది నా తలకాయ నొప్పి, నేనే పడతానంది. నవ్వాలో వద్దో తెలియలేదు.

బయటికొచ్చి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 28

అక్క రాలేదు. మేడమ్‌ని అడిగితే, ఇంకో ఏడాది గడువు ఇస్తానన్నాను, ఆలోచించుకుంటానంది అన్నారు. మేడమ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మార్చి 30

వచ్చింది. అమ్మ పంపిన డబ్బా కడిగి తెచ్చింది. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

గడువు వద్దందట. మందు పనిచెయ్యలేదని, అర పనిచేసిందని ఉన్నదున్నట్టు రాసి జూన్‌లోనే ఇచ్చేస్తుందట. తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పుకుంటుందట. క్షమించక్కా అన్నాను. నువ్వు కాకపోతే ఇంకొకరు పట్టుకునేవారు, అదీ నేను ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయాక, అంది.

అర మీద చెయ్యి పెట్టినప్పుడు నీకేమనిపించింది, నిజం చెప్పు అని అడిగింది. సంతోషమేసిందన్నాను.

ఆమెకి కోపం రాలేదు. "నాకది రెండో ఏడాదిలోనే పోయింది. బయటికి ఉన్నట్టే నడిపాను. నీకుంటే చేరు. పోయిన రోజు మాత్రం, ఉందని నటించకు. లేచి వెళ్ళిపో" అంది.

మార్చి 31

కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పాను. మేడమ్ గదికి వెళ్ళి చేరతానన్నాను. ఇంటికొచ్చి ఇంకోసారి చెప్పాను. నాన్న పేపరు మడిచాడు. ఐదంటే ఐదేనా, ఆరు కాదుగా అని అమ్మ అడిగింది. తెలియదన్నాను. ఇదైనా నిజం చెప్పావంది.

ఆగస్టు 9

నా పురుగులన్నీ ఇవాళ చచ్చిపోయాయి. కారణం తెలియదు. నీళ్ళా? గిన్నెలా? భోజనం దగ్గర కూడా అదే ఆలోచన. ఏమైందే, అలా ఉన్నావు అని అమ్మ అడిగింది.

బాగానే ఉన్నానన్నాను. బాగానే ఉన్నాను.